చక్కెర సీసాలు

కొండంతా చుకిరావా పొదలు నారింజ రంగు పూలతో మండుతున్నాయి. కానీ ముసలి బల్తజారా అరచేతిలో నలిపిన ఎండుపువ్వులో ఒక్క గింజ లేదు, అంతా పొట్టే. కొండ చూడవచ్చి, డబ్బిచ్చి పిట్టల ఫోటోలు తీసుకునేవాళ్ల కోసం కోడలు నార్సిసా వసారాలో చక్కెరనీళ్ల సీసాలు కట్టిన నాటినుంచి, పూలతేనె తాగి బతికే చిట్టి హమ్మింగ్‌బర్డులు పూల మొహం చూడటం మానేశాయి. ఇక పువ్వు నుంచి పువ్వుకు పుప్పొడి మోసే దిక్కేది?

"నీ ఫోటోల బేరానికి నా కొండ గొడ్డుబోయిందే," అంటూ ముసలామె ఆ ఉదయం సీసాలన్నీ విప్పేసింది. "ఆకలేస్తే అవే పోతాయి పూల దగ్గరికి."

"పోవత్తా. రుచి మరిగాయి," అంది నార్సిసా.

పిట్టలు పోలేదు. సాయంత్రందాకా ఖాళీ కొక్కేల ముందే రెక్కలాడిస్తూ గాలిలో నిలబడ్డాయి. మంచు దిగే వేళకు ఒకటి వచ్చి బల్తజారా ఎర్ర శాలువాలో ముక్కు గుచ్చింది. పువ్వు కాదని తెలిశాక కూడా అక్కడే వేలాడింది. ఖాళీ కడుపుతో ఈ చలికి తెల్లారేసరికి రాలిపోతుంది.

"ఏం చేద్దామత్తా?"

బల్తజారా కొండకేసి చూడలేదు.

"నీళ్లు వెచ్చబెట్టు," అంది. "చక్కెర నేను కలుపుతాను."