గండుపిల్లి తాగిన పాలు

మా మామ రామస్వామి తన జన్మలో ఏ జంతువు తోకా ఎత్తి చూడలేదు. అయినా ఏది ఆడదో ఏది మగదో చెప్పడంలో బోధన్ చుట్టుపక్కల ఆయనను మించినవాడు లేడని పేరు. వర్ని నుంచి, చందూర్ నుంచి మనుషులు వచ్చి మా అరుగు మీద కూర్చుని, బర్రె కడుపులో ఉన్నది దున్నా పెయ్యా అని అడిగి పోయేవాళ్లు. ఆయన బీడీ దమ్ము లాగి, కళ్లు మూసుకుని, ఒక మాట పారేసేవాడు. నిజమైతే ఊరంతా చెప్పుకుని తిరిగేవాడు. కాకపోతే బర్రెను తిట్టేవాడు. అప్పుడే ఎవరైనా మొహం మీద అడిగి ఉంటే నా బిడ్డకు ఆ గతి పట్టేది కాదు.

రాకాసిపేటలో మా ఇల్లు. మా ఆయన దశరథం షక్కర్ ఫ్యాక్టరీలో సీజన్ పనికి పోయేవాడు. నేనూ మా అత్త లింగవ్వా బీడీలు చుట్టేవాళ్లం. చుట్టుపక్కల ఆడవాళ్లు కూడా చాటలు పట్టుకుని మా పందిరి కిందికే వచ్చేవారు. ఆ ఏడు ఎలుకలు మితిమీరాయి. తడిపి గోనెపట్టాలో చుట్టి పెట్టిన తునికాకును తెల్లారేసరికి కొరికి జల్లెడ చేసేవి. పిల్లిని తెచ్చుకుందామని అత్త అంటే, తెస్తే గండుపిల్లినే తేవాలని మామ హుకుం. ఆడది అయితే ఆకుబుట్టలో పిల్లల్ని పెడుతుంది, ఆ వాసన పట్టిన ఆకు బీడీ కార్ఖానా వాళ్లు ముట్టుకోరు. అంతవరకు ఆయన చెప్పింది సబబే.

గోడ అవతల అజీజక్క ఇంట్లో పిల్లి కూనలు ఉన్నాయి. ఆమె భర్త నూరుల్లా పరుపులు కుట్టేవాడు. ఆ దూదికుప్పల మీద పిల్లులు పుడుతూనే ఉండేవి. మిగిలిన ఒక్క కూనను నా ఒళ్లో పెట్టి అజీజక్క ముందే చెప్పింది.

"చంద్రవ్వా, గిది ఆడది. మగదాన్ని నిన్ననే మా మరిది కొంచవోయిండు. మీ మామకు మగదే గావాలంటే మల్లోపాలి దాంక ఆగమను."

"ఎట్ల తెలుసు అక్కా?" అన్నాను.

ఆమె కూనను చాప మీద పడుకోబెట్టి మెల్లగా తోక ఎత్తింది. "సూడు. పైన గుండ్రంగ చుక్క. దాని కిందనే నిలువు గీత. రెండిటి నడుమ బియ్యపుగింజ గూడ పట్టది. మగదైతే గీత ఉండదు, రెండూ చుక్కలే. నడుమ నీ చిటికెనవేలు గోరు పడ్తది. గంతే."

అంతే. కళ్లున్న ఎవరైనా చూసి చెప్పగలిగిన ముక్క. కానీ మా ఇంట్లో అక్కడ చూడటమే తప్పు. ఆడది ఆ మాట నోట అనడం ఇంకా పెద్ద తప్పు. మా మామ పద్ధతి వేరు. మెడ మీది తోలు పట్టి గాల్లోకి లేపాలి. వెనుక కాళ్లు కడుపులోకి ముడుచుకుంటే మగది, వేలాడేస్తే ఆడది. ఆ రోజు కూనను అలాగే లేపాడు. అది ఉండలా ముడుచుకుపోయింది.

"గండు! పట్టు సూడు, పైల్వాన్ లెక్క!" అన్నాడు.

గోడ మీదుగా చూస్తున్న అజీజక్క నవ్వు ఆపుకోలేకపోయింది. "మామా, గట్ల పడ్తె ఏ పిల్లిపిల్లయినా కాళ్లు ముడుస్తది."

"నాకు జెప్పొస్తవా? నువ్వు పుట్టకముందు కెల్లి సూస్తున్న నేను." అని ఆయన లోపలికి పోయాడు. ఆ లెక్కన లోకంలో ఉన్న పిల్లులన్నీ మగవే. ఎలా పుడుతున్నాయో మరి ఆయనకే తెలియాలి. తోక ఎత్తి చూడమని నేను అత్త చెవిలో అంటే ఆమె నోరు నొక్కుకుంది. "థూ! ఏం ఆడదానివే నువ్వు?"

పిల్లికి పైల్వాన్ అని పేరు పడింది. ఎలుకలు తగ్గాయి. వానాకాలం పోయి చెరుకు బండ్లు రోడ్డెక్కే నాటికి పైల్వాన్ పొట్ట బరువెక్కింది. డొక్కలు పక్కలకు ఉబ్బాయి. గోడ దూకేది కాస్తా గోడ చుట్టూ తిరిగి రావడం మొదలుపెట్టింది. నేను చూశాను, అజీజక్క చూసింది, పందిరి కింద బీడీలు చుట్టే ప్రతి ఆడదీ చూసి పెదవి కొరుక్కుంది. మా మామ కూడా చూశాడు. ఆయనకు మాత్రం ఒకటే తోచింది.

"పిల్లి గింత లావెట్లయింది? ఎలుకలు తిని గాదు. గది పాలకొవ్వు. ఎవలో దొంగతనంగ పాలు పోస్తున్నరు."

ఇంట్లో ఒక బర్రె ఉంది. పాలకుండ పిడకల దాలి మీద కాగేది. దాని దగ్గరికి పోయేది అత్త, నేను. అత్త దొంగ కాదు కనుక నేనే దొంగను. నా బిడ్డ రాజమణికి మూడేళ్లు. పొద్దున ఒక గ్లాసు పాలు తాగేది. ఆ గ్లాసు పొల్ల నోట్లోకి కాదు, పిల్లి ముందుకు పోతోందని మామ తేల్చాడు. ఆ రోజు నుంచి పాలకుండ జాలీ అల్మారాలో చేరింది. తాళంచెవి అత్త నడుముకు ఎక్కింది. నా బిడ్డకు నల్ల చాయలో నానబెట్టిన రొట్టె. మామ చాయలో మాత్రం మీగడ తేలేది.

ఇప్పటికీ ఆ మాట చెబుతుంటే నాకు ఒళ్లు మండుతుంది. నన్ను దొంగ అన్నందుకు కాదు. అన్నందుకూ మండుతుంది, కానీ అది మింగగలను. పొద్దున్నే పొల్ల గ్లాసు పట్టుకుని అల్మారా ముందు నిలబడేది. ఏడ్చేది కాదు. నిలబడేది. వాళ్ల తాత అరుగు మీద చాయ ఊదుకుంటూ తాగేవాడు. ఆ మనిషికి గుటక ఎలా దిగిందో నాకు అర్థం కాదు.

మా ఆయనను అడిగాను. "నువ్వన్న జర సూడయ్యా. పిల్లి తోక లేపి సూడు. గది కడుపుతోని ఉన్నది."

"బాపు మగదన్నడు గద," అన్నాడు, పక్కకు తిరిగి.

"నీ కండ్లు లేవా?"

"ఊకో. ఎవలన్న ఇంటరు."

అదీ మా ఆయన. ఫ్యాక్టరీలో మంట ముందు నిలబడే మనిషికి పిల్లి తోక ఎత్తడానికి ధైర్యం చాలలేదు. తండ్రి మాట తప్పని తేలితే ఆకాశం ఊడిపడుతుందని భయం. బిడ్డ పాలు పోతే ఆకాశానికి ఏమీ కాదు మరి.

అత్తనూ చూడమని అడిగాను. పిల్లిని ఎత్తుకుపోయి ఒళ్లో పెట్టబోతే చాట విసిరికొట్టింది. మామ ఊరుకోలేదు. బర్రె సంగతి అడగడానికి ఎవరొచ్చినా, "మా ఇంట్లనే దొంగ ఉన్నది, బయటి సంగతి నేనేం జెప్పాలె," అని నా వైపు గడ్డం ఎగరేసేవాడు. ముక్కూమొహం తెలియని మనుషులు నన్ను కిందికీ మీదికీ చూసేవాళ్లు. నేను తల వంచుకుని ఆకు కత్తిరించేదాన్ని. కత్తెర చేతిలో ఉన్నప్పుడు నా బుద్ధి ఎటు పోయేదో చెప్పను.

ఒక మధ్యాహ్నం పందిరి కింద అందరం ఉన్నాం. పైల్వాన్ కనబడలేదు. లోపల అరుపు వినబడి అత్త వెళ్లింది, వెళ్లి కేక పెట్టింది. మామ మడిచి పెట్టుకున్న గొంగడి మీద, తడిసిన ఎలుకల్లాంటి పిల్లల్ని పెట్టి, పైల్వాన్ వాటిని నాకుతోంది. చాటలు పక్కన పెట్టి ఆడవాళ్లందరూ గుమ్మంలో మూగారు. అజీజక్క గోడ దూకినంత పని చేసి వచ్చింది.

మామ వచ్చి నిలబడ్డాడు. వంగి చూశాడు.

"ఎవలి పిల్లలనో నోట గరుసుకొచ్చింది," అన్నాడు.

అప్పుడే పైల్వాన్ కడుపులోంచి ఇంకో కూన బయటపడింది. ఒక ముసలామె కొంగు నోట్లో కుక్కుకుంది. మామ గొంతు సవరించుకున్నాడు. నేను ఎదురు చూశాను. ఒక్క మాట కోసం. నువ్వు పాలు దొంగిలించలేదమ్మా అని కూడా వద్దు, పొల్లకు పాలు పొయ్యమని అంటే చాలు. అంత మంది ముందు దొంగను చేసినవాడు అంత మంది ముందే ఆ మాట అంటాడని నా పిచ్చి ఆశ.

"లింగవ్వా, బాలింత గది. ఇన్ని పాలు పొయ్యి. మీగడ గూడ ఎయ్యి," అన్నాడు.

అత్త నడుము నుంచి తాళంచెవి తీసి అల్మారా తెరిచింది. ఎన్నాళ్లుగానో నా బిడ్డ చూస్తూ నిలబడిన ఆ తలుపు పిల్లికి ఒక్క మాటకే తెరుచుకుంది. ఇత్తడి గిన్నె నిండా పాలు తెచ్చి పైల్వాన్ ముందు పెట్టింది. రాజమణి మనుషుల కాళ్ల మధ్య నుంచి దూరి వచ్చి ఆ గిన్నెను చూస్తూ నిలబడింది. పిల్లికి పోస్తున్నారు కదా, తనకెందుకు పోయరో దానికి తెలియదు.

నాలో ఏదో తెగిపోయింది. వంగి గిన్నె తీసుకున్నాను.

"ఏం చేస్తున్నవ్? పిల్లి నోటికాడిది గుంజుకుంటవా?" అని మామ అరిచాడు.

ఆయన ముందు అంతవరకు తలెత్తి మాట్లాడింది లేదు. ఆ రోజు కళ్లలోకి చూసి చెప్పాను. "దొంగతనం జేస్తున్న మామా. ఇన్ని దినాలు చెయ్యకుంటనే దొంగనైన. ఇయ్యాల అందరి ముంగట చేస్తున్న. మంచిగ సూడు."

గిన్నె రాజమణి నోటికి ఆనించాను. పొల్ల రెండు చేతులా పట్టుకుని ఊపిరి తీసుకోకుండా తాగింది. మా ఆయన అప్పుడే డ్యూటీ దిగి వచ్చి వాకిట్లో నిలబడ్డాడు. పక్కకు తిరిగాడు. అది ఆయనకు అలవాటే. మిగిలిన పాలు పైల్వాన్ ముందు పెట్టాను. దాని తప్పేముంది?

అత్త చేతిలోని తాళంచెవి తీసుకుని నా నడుముకు కట్టుకున్నాను. ఆమె వేళ్లు గట్టిగా పట్టుకోలేదు కూడా. ఆడవాళ్లు ఒక్కొక్కరే చాటల దగ్గరికి వెళ్లిపోయారు.

పొద్దు వాలాక మామ అరుగు మీద నుంచి ఎప్పటిలాగే చాయ అడిగాడు. తీసుకుపోయి పక్కన పెట్టాను. కప్పులోకి చూసి, "పాలేవి?" అన్నాడు.

"పిల్లి తాగింది, పొల్ల తాగింది," అన్నాను. "నువ్వు నల్లది తాగు."