పదో మనిషి

మిర్యాలగూడ బ్యాంకు బ్రాంచిలో పదకొండేళ్లుగా నేను కాంట్రాక్టు క్లర్కును. ఆగిపోయిన ఖాతాల వివరాలు సరిచూసి మళ్లీ తెరవడం నా పని. ఆ పనంతా ఒక మిషను వారం రోజుల్లో చేసి చూపిస్తుందని సూర్యాపేట ఆఫీసు నుంచి వీరేందర్ సారు వచ్చాడు. మనిషి చెడ్డవాడు కాదు. నాకు అదే ఎక్కువ మంట. చెడ్డవాడైతే కడుపారా తిట్టుకుని ఉండేదాన్ని.

మిషను అంటే గోడ పక్కన నిలబెట్టిన తెల్లటి బీరువాలా ఉంటుంది. ముందు వేలు పెట్టాలి, తర్వాత అది అడిగినవాటికి నోటితో జవాబు చెప్పాలి. అది వింటుంది, అర్థం చేసుకుంటుంది, మన యాసలోనే మాట్లాడుతుంది. ఆ యాస నాది. ఆ గొంతు కూడా నాదే. దసరా తర్వాత ఇరవై రోజులు నన్ను మేనేజరు గదిలో కూర్చోబెట్టి, మైకు ముందు పెట్టి వందల వాక్యాలు చదివించారు. "జర వేలు తుడుసుకొని మళ్ల పెట్టవ్వా." "ఇంటాయన పేరు జెప్పవ్వా." చివరి రోజు శాలువా కప్పి ఫోటో తీశారు. నా వేలితో నా కన్నే పొడుచుకుంటున్నానని తెలియక కాదు. చదవనంటే అప్పుడే ఇంటికి పంపేవాళ్లు.

కోదాడ బ్రాంచికి ఈ మిషను వానాకాలంలోనే వచ్చింది. అక్కడ నాలాంటి పనే చేసిన ప్రియాంక ఇప్పుడు బట్టల షాపులో చీరలు మడతపెడుతోంది. తనే ఫోన్ చేసి చెప్పింది. "అక్కా, వాళ్లు అడిగారు కదా అని అన్నీ చెప్పేయకు. నేను ఉన్నదంతా చెప్పి చెడ్డాను. ఒక్కటైనా దాచుకో."

దాచుకున్నాను. అదేమంత పెద్ద రహస్యం కాదు. త్రిపురారం, పాలకీడు వైపు నుంచి వచ్చే ముసలమ్మల్లో చాలామంది మొగుడి పేరు నోటితో పలకరు. పలికితే ఆయన ఆయుష్షు తగ్గుతుందని నమ్మకం. నేను మాత్రం మా ఆయన్ని "ఓ భిక్షం, పాలు తెచ్చినవా" అని వాడంతా వినబడేలా పిలుస్తాను. నిక్షేపంగా ఉన్నాడు. కానీ వాళ్లకు అది ప్రాణం మీది మాట. అందుకే ఆ ప్రశ్న నేనెప్పుడూ అడగను. పాసుబుక్కులో చూసి రాసుకుంటాను, లేకపోతే తోడు వచ్చినవాళ్లను అడుగుతాను. "కస్టమర్లతోని మీరు జేసే పద్ధతులు ఇంకేమన్న ఉన్నయా ఉమారాణి మేడం?" అని వీరేందర్ సారు రెండుసార్లు అడిగాడు. లేవు సార్ అన్నాను.

వారం రోజుల పరీక్షకు ఒక నియమం పెట్టారు. మూడుసార్లు అడిగినా జవాబు అందకపోతే మిషను ఒక చీటీ ఇచ్చి ఆ మనిషిని నా కౌంటరుకు పంపుతుంది. అలా శుక్రవారం నాలుగింటి లోపు పది మంది వస్తే నా కౌంటరు ఉంటుంది. తగ్గితే సోమవారం నుంచి నేను రానక్కర్లేదు. భిక్షం రైస్ మిల్లులో గుమాస్తా, సీజను ఉంటేనే జీతం. మా శిల్ప నర్సింగు రెండో ఏడు చదువుతోంది. మిగతా నెలలన్నీ ఇల్లు నడిచేది నా జీతంతోనే.

శుక్రవారం మధ్యాహ్నానికి తొమ్మిది మంది వచ్చారు. తొమ్మిది మందీ ముసలమ్మలే. అందరూ ఆ ఒక్క ప్రశ్న దగ్గరే నోరు మూసుకున్నారు. ఎందుకో అర్థంకాక వీరేందర్ సారు తల గోక్కుంటున్నాడు. నేను తెలిసిన దేవుళ్లందరికీ మొక్కుకుంటున్నాను, ఇంకొక్క ముసలమ్మ రావాలని.

మూడున్నరకు ఉప్పలమ్మ వచ్చింది. త్రిపురారం మనిషి. నేను చేరిన కొత్తలో పాసుబుక్కు రాయించుకున్నది మొదలు నన్ను తప్ప ఇంకెవర్నీ నమ్మదు. తిన్నగా నా దగ్గరికే వచ్చింది.

"మా ముసలాయన్ని దవాఖాన్ల ఏసిన్రు బిడ్డా. ఇయ్యాల పైసలు గడితెనే రేపు పొద్దుగాల ఆపరేషన్ అంట. సూస్తే నా ఖాత ఆగిపోయిందంటున్రు. జర సూడు."

"ముందు ఆ మిషన్ కాడికి పోవాలె అవ్వా," అన్నాను. అటెండరు గణేష్ ఆమెను చెయ్యి పట్టుకుని తీసుకుపోయాడు.

వేలు పెట్టింది. పేరు చెప్పింది. ఊరు చెప్పింది. అప్పుడు నా గొంతు అడిగింది. "ఇంటాయన పేరు జెప్పవ్వా."

ఉప్పలమ్మ తల దించుకుంది. మిషను కాసేపు ఆగింది. "ఇనవడలేదవ్వా. జర గట్టిగ జెప్పు."

ఆమె వెనక్కి తిరిగి నా వైపు చూసింది. మా మధ్య పది అడుగులు కూడా లేవు. ఆయన పేరు నాకు తెలుసు. కూర్చున్నచోటి నుంచి ఒక్కమాట అంటే ఆ ముసలమ్మ పని అయిపోతుంది. కానీ అది మిషను ఖాతాలో పడుతుంది. ఊరుకుంటే రెండు నిమిషాల్లో చీటీ పట్టుకుని నా దగ్గరికే వస్తుంది, నేనే పని చేసి పంపుతాను, ఆమెకూ నష్టం లేదు, నాకూ కొలువు ఉంటుంది. ఇలా నాకు నేను నచ్చజెప్పుకుని ఫైలు తిప్పాను. సిగ్గేసింది. అయినా తిప్పాను.

"చెప్పకుంటె ఏమైతది కొడుకా?" అని ఆమె గణేష్‌ను అడుగుతోంది.

"చీటీ వస్తది. మళ్ల ఆ కౌంటర్ కాడ కూసోవాలె."

ఆమె గోడ గడియారం వైపు చూసింది. నాలుగింటికి బ్యాంకు మూస్తారని ఆమెకు తెలుసు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పెదవులు కదిలాయి. నేను దిగ్గున లేచి నిలబడ్డాను. "అవ్వా, వద్దు" అన్న మాట నాలుక మీదికి వచ్చింది. ఇంతలో మిషనే అంది. "ఇనవడలేదవ్వా. జర గట్టిగ జెప్పు."

వినబడలేదట. అంటే ఇంకొక్కసారి తప్పితే చాలు. నేను మళ్లీ కూర్చున్నాను. ఆ కూర్చోవడాన్ని నేను ఎన్నటికీ క్షమించుకోలేను.

ఉప్పలమ్మ కొంగు తీసేసింది. కళ్లు గట్టిగా మూసుకుని హాలంతా అదిరేలా అరిచింది.

"సైదయ్య! నా మొగుడు సైదయ్య!"

పచ్చ లైటు వెలిగింది. డబ్బు కౌంటరు లైనులో ఉన్న ఆడవాళ్లు నోటి మీద చెయ్యి వేసుకున్నారు. వీరేందర్ సారు ఊపిరి పీల్చుకున్నాడు. నాలుగు దాటాక నా దగ్గరికి వచ్చి మెల్లగా అన్నాడు. "తొమ్మిదే అయినయ్ మేడం. నా చేతుల ఏం లేదు. ఇయ్యాలనే గణేష్‌కు తాళాలిచ్చి పోండ్రి."

తల ఊపాను. ఆయన వెనక ఉప్పలమ్మ నిలబడి ఉంది. డబ్బు కొంగున ముడి వేసుకుంది.

"నీ గొంతే గద బిడ్డా అది," అంది. "నువ్వే అడుగుతున్నవనుకున్న. ఇన్నేండ్లల ఒక్కనాడు నన్ను గా మాట అడగలే నువ్వు. ఇయ్యాల అడిగినవంటె చెప్పక తప్పదేమో అనుకున్న. ఉమారాణి అడిగినంక ఏం గాదులే అని జెప్పిన."

నేను కుర్చీ జరిపి ఆమెను కూర్చోబెట్టాను.

"ఆయనకేం గాదు గదా?"

"ఏం గాదవ్వా."

"నా మీద ఒట్టెయ్యి," అని నా చెయ్యి లాగి తన నెత్తిన పెట్టుకుంది.

వేశాను.