పావుగంట నీళ్లు

ఇస్రాయేలు కుళాయి తిప్పి, ధార కింద వేలు పెట్టి చూసుకున్నాడు. మరీ సన్నగా పడితే లాభం లేదు, మరీ గట్టిగా కొడితే గాయం తట్టుకోదు. నాగర్‌కర్నూల్ దవాఖానలో ఇరవై ఆరేళ్లుగా కట్లు కడుతున్న మనిషి. నీళ్లలో నానీ నానీ వేళ్ల కొసలు ఎప్పుడూ ముడతలు పడే ఉంటాయి. కుక్క కరిచి ఎవరొచ్చినా మొదట అతని ముందు కూర్చోవలసిందే, సూది ఆ తర్వాతే.

2007 ఎండాకాలంలో ఒక పొద్దున తెలకపల్లి వైపు నుంచి లక్ష్మీదేవమ్మ వచ్చింది. పిక్కలో నాలుగు పళ్లు దిగాయి. గాయం నిండా కారప్పొడి కూరారు. పైగా కుక్క విషం దిగుతుందని మొగుడు తిమ్మప్ప ఆమెచేత ఏడు బావుల్లోకి తొంగిచూపించి మరీ తీసుకొచ్చాడు.

“ఏడిట్ల నీళ్లున్నయా?” నవ్వు ఆపుకుంటూ అడిగాడు ఇస్రాయేలు.

“రెండిట్లనే,” అన్నాడు తిమ్మప్ప.

నర్సు నవనీత “ఇస్రాయేలన్నా” అని పిలిచేసరికి లక్ష్మీదేవమ్మ కాలు వెనక్కి లాక్కుంది. వాళ్ల ఊళ్లో ఆ పేరు గలవాళ్లు గడప లోపలికి రారు. అతనికిది కొత్త కాదు. చాపిన చెయ్యి చాపినట్టే ఉంచాడు. మంటకు తాళలేక ఆమే కాలు ముందుకు పెట్టింది.

ఐదు నిమిషాలకే తిమ్మప్ప విసుక్కున్నాడు. “సూది ఎయ్యక ఎంతసేపు కడుగుతవయ్యా? బైట ఆటో నిలవడ్డది.”

“పావుగంట కడగాలె పటేలా. మన ఒంట్ల సన్న సన్న గదులుంటయ్, కణాలంటరు. కుక్క ఎంగిలిల ఉండే పిచ్చి పురుగు తలుపు పలగొట్టి రాదు. కొవ్వు అంగి తొడుక్కొని వచ్చి కణాన్ని ముట్టుకుంటది. కణమేమో సుట్టమొచ్చిండనుకొని, సంచిల ఏసుకున్నట్టు తనే లోపటికి గుంజుకుంటది. నరం పట్టిందంటే ఏ డాక్టరూ వాపస్ తేలేడు. సబ్బుతోటి ఆ అంగి ఊడగొడితే ఇగ దాన్నెవ్వరు రానియ్యరు.”

ఎప్పుడో ఒక డాక్టరు కాగితం మీద బొమ్మ గీసి చెప్పిన సంగతి అది. ఏడో తరగతి చదివిన ఇస్రాయేలు దాన్ని ఎంత చక్కగా తన మాటల్లోకి తెచ్చుకున్నాడో!

“నేను సావను గదా?” అంది లక్ష్మీదేవమ్మ.

“కడగనియ్యి తల్లీ. డాక్టరు రాసిన సూదులన్ని తప్పకుంట ఏయించుకో. ఏం గాదు.”

పావుగంట నిండేదాకా తల ఎత్తలేదు. ఆ రోజు మరో తొమ్మిది మందికి అలాగే వంగి కడిగాడు. సాయంత్రం నడుం పట్టుకుని లేచాడు. అతని చేతుల మీదుగా బతికి ఇంటికి పోయినవాళ్లను ఒకచోట చేరిస్తే చిన్న ఊరవుతుంది. ఆ ఊళ్లో సగం మందికి అతని పేరు తెలియదు.

తర్వాతి మూడు సూదులకూ లక్ష్మీదేవమ్మ వచ్చింది. వచ్చినప్పుడల్లా అతను పిక్క చూసి తృప్తిగా తలూపేవాడు.

ఆఖరి సూది పడింది ఇరవై ఎనిమిదో రోజున. భుజం రుద్దుకుంటూ ఆమె నేరుగా కుళాయి దగ్గరికి నడిచింది. అక్కడ ఎవరూ లేరు.

“మొన్న ఐతారం ప్రార్థనకు పోయొచ్చి పండుకున్నడమ్మా, మల్ల లేవలే. గుండె ఆగిందన్నరు,” అంది నవనీత.

లక్ష్మీదేవమ్మ కొంగు చాటునున్న మూట బయటికి తీసింది. “నా శేతులతోని జేసిన. తింటడని తెచ్చిన,” అని మాత్రం అంది.

ఆమె ఆటో ఎక్కి వెళ్లిపోయాక, కుళాయి పక్క గట్టు మీద తెల్లగుడ్డలో కట్టిన జొన్నరొట్టెలు ఇంకా వెచ్చగానే ఉన్నాయి.