సిమెంటు కింద 1909

నేను ఒక రాయిని. రాయికి పగేమిటని నవ్వకండి, ఒక చలికాలమంతా ఆ పగతోనే గడిపాను. కెనడాలో సరస్సు ఒడ్డున ఉన్న ఒక ఊళ్లో, రెండంతస్తుల ఇటుక ఇంటి గుమ్మం పైన నా కాపురం. ఇల్లు కట్టిన మేస్త్రీ నా ముఖాన 1909 అని చెక్కి, నిచ్చెన దిగి చాలాసేపు చూసుకున్నాడు. అంత ప్రేమగా మళ్లీ నన్నెవరూ చూడలేదు.

బూట్లు కుట్టేవాడు, మందుల షాపాయన, టోపీలమ్మే అక్కచెల్లెళ్లు వచ్చారు, పోయారు. అందరూ ఇల్లు శాశ్వతంగా తమదే అనుకున్నారు. ఆఖరున మండపేట నుంచి వచ్చిన సత్యవేణి కింద ఇడ్లీ కొట్టు పెట్టుకుని, పైన కాపురముంది.

ఈలోగా ఊరు పెరిగి ఇళ్ల ధరలు ఆకాశాన్నంటాయి. దివాకర్ అని ఒక తెలుగాయనే ఈ ఇల్లు కొన్నాడు. ఆయనకు కావలసింది ఇల్లు కాదు, దాని కింద నేల. కూల్చి ముప్పై అంతస్తులు లేపాలని ఆశ. సత్యవేణి ఇచ్చే అద్దెకు ఆ ఊళ్లో ఇప్పుడు కారు నిలుపుకునే చోటు కూడా దొరకదు. అయితే ఇల్లు వందేళ్లు దాటిందని తేలితే నగర కమిటీ కూల్చనివ్వదు. పాత కాగితాలు ఏనాడో కాలిపోయాయి. ఇంటి వయసు చెప్పడానికి మిగిలింది నేనొక్కదాన్నే.

అందుకని దివాకర్ ఒక ఆదివారం మనిషిని పిలిపించి నా ముఖాన సిమెంటు పులిమించాడు. గొంతు నొక్కినట్టయింది. వీడి అంతు చూడాలని ఆ రోజే అనుకున్నాను. కానీ కదలలేని దాన్ని, ఏం చేయగలను?

దారి ఆయనే చూపించాడు. ఒక ఉదయం కొట్లో ఇడ్లీ తింటున్నాడు.

"ఆవిరికి ఊపిరాడట్లేదు బాబూ. ఆ పాడైపోయిన ఫ్యానొకటి బాగు చేయించండి," అంది సత్యవేణి.

"ఎండలొచ్చేసరికి పడగొట్టే కొంపకి ఫ్యానెందుకక్కా? ఇంకో రెండు ఇడ్లీ వెయ్యి."

ఆమె ఇడ్లీ వేసింది. మర్నాడు తనే ఒక రేకు గొట్టం తెచ్చి, గుమ్మం పైనున్న కిటికీలోంచి బయటికి పెట్టింది. సరిగ్గా నా కింద.

రోజూ పొద్దున్నే వేడి ఆవిరి నా ముఖానికి తగిలేది. అది నీరై, సిమెంటుకూ నాకూ మధ్య దూరి, గడ్డకట్టి ఉబ్బేది. వెంట్రుకవాసి చొప్పున ఆ పొర నన్ను వదులుతుంటే నాకు పండగే. ఓపిక నా పుట్టుకలోనే ఉంది, తొందరంతా ఆయనది.

మార్చిలో కమిటీవాళ్లు ముగ్గురు వచ్చారు. ఇల్లు కట్టి అరవై ఏళ్లే అయిందని దివాకర్ గుమ్మంలో నిలబడి ఇంగ్లీషులో దంచేస్తున్నాడు. తనను వెళ్లగొట్టడానికి వచ్చినవాళ్లే అనుకుంటూ కూడా, ఇంటికొచ్చిన మనుషులు కదా అని సత్యవేణి ఇంకో వాయి పెట్టింది. ఆవిరి గుప్పుమంది. సిమెంటు పలక ఊడి దివాకర్ కొత్త బూట్ల ముందు ముక్కలైంది.

కమిటీ పెద్దావిడ తలెత్తి, అంకెలు ఒక్కొక్కటే పైకి చదివింది. ఆయన ముఖంలో నెత్తురు చుక్క లేదు. కడుపు నిండిపోయింది నాకు.

ఇల్లు నిలిచింది, సత్యవేణి నిలిచింది. నన్ను మునుపటిలా శుభ్రం చేసే బాధ్యత యజమానిదేనని కమిటీ రాసిచ్చింది. పనివాళ్లకు డబ్బులివ్వడం ఇష్టంలేక ఆయనే బ్రష్షు పట్టుకుని నిచ్చెనెక్కాడు.

"మెల్లిగా బాబూ, సున్నాలో ఇంకా సిమెంటు ఉండిపోయింది," అంది కిందినుంచి సత్యవేణి.

ఎంత గీకినా రాలేదు. ఆ ఒక్క పెంకు నేను వదల్లేదు. ఆయన మళ్లీ నిచ్చెనెక్కి రావాలిగా.