మలుపు దాటితే భీమిలి

అమీర్‌పేటలో ఆడపిల్లల హాస్టల్ నడిపే రుద్రమ్మకు నడకంటే గిట్టదు. సందు చివర కొట్టుకు పోవాలన్నా మోకాళ్ల నొప్పులని ఆటోను కేకేసేది. సముద్రమంటే అసలే పడదు. చూడకుండానే పడదు. "గన్ని నీళ్లు ఒక్కదిక్కు ఎందుకుండాలె?" అనేది.

అలాంటి మనిషిని విశాఖ దాకా లాక్కొచ్చింది కమలకుమారి. పంజాగుట్టలో పచ్చళ్లు పెట్టి హాస్టల్‌కు వేసే కమలకుమారికి, రుద్రమ్మకు స్నేహం ఆవకాయలాగే ఊరుతూ వచ్చింది. కమలకుమారి భర్త జోగారావు బ్యాంకులో రిటైరయ్యాక హుస్సేన్‌సాగర్‌లో తెరచాప పడవ నడపడం నేర్చుకున్నాడు. కాకినాడవాణ్ణన్న ధీమా ఎటూ ఉంది. నేర్చుకునేటప్పుడు రెండుసార్లు నీళ్లలో పడ్డ సంగతి మాత్రం ఆయన చెప్పడు, భార్య చెబుతుంది. ఇప్పుడాయన అసలు సముద్రం మీదే, రుషికొండ నుంచి భీమిలి దాకా పడవలో వెళ్లి, చేపల పులుసుతో భోంచేసి రావాలని సంకల్పించాడు.

"మీరూ రావాల్సిందే వదినా. ఈయనతో ఒక్కదాన్నే వెళ్లాలంటే భయం," అంది కమలకుమారి. ఇద్దరు పంచుకుంటే భయం సగమవుతుందనుకుంది కాబోలు.

పడవతోపాటు సాయం వచ్చిన కుర్రాడి పేరు వీరవెంకటసత్యనారాయణ. జోగారావు మర్యాదస్తుడు. ఎంత చిన్నవాణ్ణయినా పూర్తి పేరు పెట్టి, గారు చేర్చి పిలుస్తాడు. మంగమారిపేట దాటేదాకా అంతా సవ్యంగానే సాగింది. చుక్కాని తానే పడతానని జోగారావు పట్టుబట్టి కూర్చున్నాడు. కుర్రాడు అటు తిరిగి తెరచాప తాడు సర్దుతున్నాడు. అప్పుడే ఎదురుగా, ఒడ్డు నుంచి ముందుకు చొచ్చుకొచ్చిన ఇసుకమేట కనిపించింది.

"వీరవెంకటసత్యనారాయణ..." అని మొదలుపెట్టాడు జోగారావు. 'గారూ' దగ్గరికి వచ్చేసరికి పడవ ఇసుకలో కూరుకుపోయింది. పులిహోర డబ్బా ఎగిరి నీళ్లలో పడి, తన దారిన తాను తేలుతూ పోయింది.

"పేరు అయిపోయేలోపు మనం అయిపోతుంటిమి," అంది రుద్రమ్మ, గుండె పట్టుకుని.

కుర్రాడు పడవ చుట్టూ తిరిగి చూశాడు. "పోటొస్తే దానంతటదే లెగుస్తాదండి. నేనుంటాను. మీకాకలైతే నడిసెల్లిపోండి. ఆ మలుపు దాటితే భీమిలేనండి."

ఆ మలుపు దాటారు. అవతల ఇంకో మలుపు ఉంది. అదీ దాటారు. వల బాగుచేసుకుంటున్న ముసలాయన్ను అడిగితే, మరో మలుపు చూపించి అదే మాటన్నాడు.

"ఏవండీ, రోడ్డెక్కి ఆటో చూద్దామండీ," అంది కమలకుమారి.

"పడవ యాత్రకొచ్చి ఆటో ఎక్కుతామా? ఒడ్డమ్మట వెళ్తేనే దగ్గర," అన్నాడు జోగారావు. ఆ మాట అనేటప్పటికే ఆయన షూ నిండా ఇసుక.

"అన్నా, అమీర్‌పేట నుంచి గింత నడిస్తే ఎర్రగడ్డొస్తుండె," అంది రుద్రమ్మ. "గీ ఎండల మన నడక జూసి, పిచ్చాసుపత్రోళ్లు అడగకుంటనే లోపలికి తీస్కపోతుండిరి."

కాసేపటికి ఆమె చెప్పు తెగింది. ఇసుక పెనంలా కాలుతోంది. దిక్కులేక సముద్రం అంచుకు చేరింది. మొదటి అల పాదాల మీదికి రాగానే కెవ్వుమంది. రెండో అలకు మూతి బిగించింది. మూడో అల రాకపోతే ఎందుకు రాలేదా అని వెనక్కి తిరిగి చూసింది. ఆ తర్వాత మోకాళ్ల నొప్పుల మాటెత్తలేదు. చీర కొంచెం ఎత్తిపట్టి అందరికంటే ముందు నడిచింది.

అలా నడుస్తుంటే దారికడ్డంగా ఒక గెడ్డ వచ్చింది. కొండ మీది నీళ్లు సముద్రంలో కలిసే చోటు. జోగారావు ఆగిపోయాడు.

"లోతెంతో ఏంటో. గాలివాటం కూడా బాలేదు," అన్నాడు.

"నడిచేటోళ్లకు గాలెందుకన్నా?" అని రుద్రమ్మ కుచ్చిళ్లు దోపుకుని దిగింది. నీళ్లు మోకాలి దాకా వచ్చాయంతే. అవతలికి పోయి, మళ్లీ వచ్చి, ఒక చేత్తో కమలకుమారిని, ఇంకో చేత్తో జోగారావును పట్టుకుంది. సరిగ్గా నడిమధ్యలో జోగారావు కాలు జారి, పీట వేసినట్టు నీళ్లలో చతికిలబడ్డాడు.

"మూడోసారి!" అంది కమలకుమారి. భర్తను లేపాల్సింది పోయి పడీపడీ నవ్వింది. చివరికి జోగారావు కూడా కూర్చున్నచోటే నవ్వడం మొదలుపెట్టాడు.

భీమిలి చేరేసరికి ముగ్గురి మొహాలూ వడలిపోయాయి. ఒడ్డున భోజన హోటల్ ముందు తెరచాప దించుకుని తమ పడవే నిలిచి ఉంది. లోపల కుర్రాడు మజ్జిగన్నంలోకి వచ్చాడు.

"మీరెల్లిన కాసేపటికే పోటొచ్చేసిందండి. మీరింకా రాలేదేటని సూస్తన్నాను," అన్నాడు.

జోగారావు చేతులు కడుక్కుని భోజనానికి కూర్చున్నాడు. రెండుసార్లు పులుసు పోయించుకున్నాడు. తిన్నాక అరికాళ్ల బొబ్బలు చూసుకుని, "బస్సులో పోదామే," అన్నాడు గొంతు తగ్గించి.

"మీరు పోండ్రి. నేను పడవల వస్త," అంది రుద్రమ్మ.

కమలకుమారి తెల్లబోయింది. "మీకు భయం కదా వదినా?"

"భయమే. గదే మస్తుగున్నది."

బస్సు కోసం కుంటుతూ వెళ్తున్న ఆ దంపతులకు వెనక నీళ్ల మీంచి ఆమె కేకలు వినిపించాయి. ముందు, "మెల్లగ పోనియ్ బిడ్డా, మెల్లగ!" అని. కాసేపటికి, "ఏంది, గింతేనా స్పీడు?" అని.