దర్జీ టేపుకు అందని వాపు

పాలకడలి చిలికిన వేళ అమృతకలశం చేతబూని వెలువడిన ధన్వంతరీ! మందులో గుణమై, వైద్యుని చేతిలో నేర్పై, రోగి మనసులో ధైర్యమై నిలిచేది నీవే. నీకు మ్రొక్కి ఈ కథ మొదలుపెడుతున్నాను.

ఒక దర్జీకి మూత్రపిండంలో రాయి కోసం స్కానింగు తీస్తే, గుండె నుండి కడుపులోకి దిగే పెద్ద రక్తనాళం ఒకచోట ఉబ్బి ఉందని తేలింది.

"చిన్నదేనండీ. సిగరెట్టు మానండి, ఈ కొలెస్ట్రాల్ మాత్ర రోజూ వేసుకోండి. ఏడాదికి మళ్లీ చూద్దాం. బాగా పెరిగితే అప్పుడు ఆపరేషన్" అన్నది డాక్టరమ్మ.

లోకాన్ని టేపుతోనే ఎరిగిన మనిషి ఆయన. మరునాటి నుండి పూజకన్నా ముందు బొడ్డు మీదుగా టేపు చుట్టి చూసుకోసాగాడు. కొలత పెరుగుతూ వచ్చింది. కొవ్వును కరిగించే మాత్రకు కడుపు కరగలేదంటే, లోపల వాపు పెరుగుతున్నట్టేనని నిశ్చయించుకున్నాడు. కుట్టడానికి కొత్త బట్టలు పుచ్చుకోవడం మానేశాడు. ప్రాణప్రదమైన పెద్ద కత్తెరను గుడ్డలో చుట్టి బీరువాలో దాచాడు.

"ఒకరి బట్ట సగంలో వదిలి పోకూడదే" అన్నాడు భార్యతో.

"మీ నోట మంచిమాటే రాదా?" అని ఆమె మాత్ర చేతిలో పెట్టి, మింగేదాకా కదిలేది కాదు.

బేకరీ నడిపే ఆమె తమ్ముడు సాయంత్రాలు చొక్కా జేబు నిండా వెన్న బిస్కెట్లతో వచ్చేవాడు. "సిగరెట్టు గుర్తొస్తే ఒకటి నోట్లో వేసుకో బావా!" దిగులుతో కుర్చీ వదలని బావ, వేసుకుంటూనే ఉండేవాడు.

ఏడాది తిరిగింది. ముగ్గురూ డాక్టరమ్మ ఎదుట కూర్చున్నారు.

"పెరగలేదు. పోయినసారి ఎంతో ఇప్పుడూ అంతే."

దర్జీ జేబులోంచి టేపు తీశాడు. "మీ యంత్రం పొరబడిందేమోనమ్మా. నా టేపు అబద్ధమాడదు. కడుపు నాలుగు అంగుళాలు పెరిగింది."

డాక్టరమ్మకు నవ్వు ఆగలేదు. "టేపుది నిజమేనండీ. కాని అది కొలిచింది చర్మం కింది కొవ్వును. ఆ నాళం లోపలెక్కడో వెన్నెముకను ఆనుకుని ఉంటుంది. ఇంతకీ ఏం తింటున్నారు?"

భార్య తమ్ముడి వైపు చూసింది. "అక్కా, నేను బయట కూర్చుంటానే" అంటూ అతడు లేచాడు.

"అయితే వాపును మాత్రే ఆపిందా అమ్మా?" అని అడిగాడు దర్జీ.

"ఒట్టేసి చెప్పలేను. పెరుగుదలను నెమ్మది చేస్తుందని కొన్ని పరిశోధనలు అంటున్నాయి, ఇంకా తేలాలి. గుండెకు మాత్రం అది కాపలా. మాత్ర మానకండి, సిగరెట్టు ముట్టకండి, రోజూ నడవండి."

ఆ పూట ఇంటికి నడిచే వచ్చారు. దర్జీ కత్తెరను బయటికి తీసి, కళ్లకద్దుకున్నాడు.

"ముందు మీ ప్యాంటు నడుము వదులు చేసుకోండి" అన్నది భార్య.

"అది తర్వాతే! ముందు మీ తమ్ముడికి చొక్కా కుడతాను. ఒక్క జేబూ లేకుండా!"

"చేతిలో పట్టుకొస్తాలే బావా!" గుమ్మంలోంచి వినిపించింది. ఆ ఇల్లు చాలాకాలానికి కడుపుబ్బ నవ్వింది.

ఈ కథ విన్నవారి నాళాలలో నెత్తురు ఏరులా నెమ్మదిగా సాగుగాక! వారి ఇళ్లలో నవ్వుకు కొలత లేకుండుగాక!