కప్పు లేని జీపు

నేను బొగ్గు బాయిల టింబర్‌మన్‌గ ముప్పయ్యారేండ్లు చేసిన. టింబర్‌మన్ అంటె పెద్ద పనేం గాదు. నెత్తి మీది బండ కూలకుంట దుంగలు నిలబెట్టుడు. నిలబెట్టే ముందుగాల ఇనుప సబ్బల్‌తోని పైన కొట్టి చూడాలె. గట్టిగ మోగితె ఫికర్ లేదు. డొల్లగ మోగితె అక్కడ నిలబడొద్దు. అన్నేండ్లు నేను మనుషుల మొఖాల కన్న బాయి కప్పునే ఎక్కువ చూసిన.

రిటైరయినంక జీపు కొన్న. దానికి కప్పు లేదు. నస్పూర్‌ల ఒకాయన పెండ్లి బరాతులకు కిరాయికిచ్చేటోడు, ఇంజను పొగ కక్కంగనే అమ్మేసిండు. గోదావరిఖనిల ఖైజర్ అనే మెకానిక్ దాన్ని విప్పి బాగు చేసిండు. చేతులు తుడుచుకుంట నాతోని అన్నడు:

"యేసయ్య కాకా, పైపులు వంచి రేగ్జిన్ టాపు కుట్టిస్త. రెండు రోజుల పని."

"వద్దు."

"ఎండ కొడ్తది."

"కొట్టనియ్యి."

"వాన?"

"పడనియ్యి."

"నీకు జీపు కాదు కాకా, నులక మంచం కావాలె. కింద నాలుగు చక్రాలు బిగిస్త, పండుకొనే తోలుకో."

నేను నవ్విన. టాపు ఎందుకు వద్దో చెప్పలె. ఖైజర్ బాయిల దిగినోడు గాదు.

నా భార్య సుసన్నా ఆ జీపు ఒక్కసారే ఎక్కింది. చర్చికి పోయి వచ్చేసరికి ఆమె తెల్లచీర బూడిద రంగయింది. "అందరు నన్నే చూస్తున్నరు, నేనేమన్న ఎలక్షన్ల నిలబడ్డనా" అన్నది. మళ్ల ఎక్కలె. ఆ ఏడే షుగరు ముదిరి చనిపోయింది, మూడేండ్లాయె. దవాఖానకు గూడ ఆటోలనే పోయింది.

టాపు లేని బండి సంగతి తోలెటోనికే తెలుస్తది. ఎండకాలం సీటు మీద తడి గోనెసంచి వెయ్యంది కూసోలేం. జ్యోతినగర్ కరెంటు ప్లాంటు దిక్కుకెల్లి గాలి మళ్లితె పండ్ల నడుమ బూడిద కరకరమంటది. బొగ్గు లారీ ముందట ఉంటె దాన్ని దాటలేం, వెనుక ఉండలేం. వానల కాళ్ల కాడ నీళ్లు నిలుస్తయి. ఖైజర్ కింద రెండు తూట్లు పొడిచిండు, అయినా చెప్పులు తేల్తయి. రాత్రి ఆపిన బండిల పొద్దుగాల కుక్క లేస్తది, నా దిక్కు చూసి ఆవులిస్తది, దిగదు.

అయితె గోదావరి బ్రిడ్జి మీద పొద్దున పోతుంటె చల్లగాలి అంగీ లోపలికెల్లి వీపు దాక పోతది. యాపపూత రాలితె ఒళ్లె పడ్తది. మొదటి షిఫ్టు ఇడిచినంక క్యాంటీను కాడ ఉల్లిగడ్డ వేగుతున్న వాసన, క్వార్టర్ల నల్లాల కాడ సబ్బు వాసన, మనుషుల మాటలు సగం సగం చెవుల పడుడు. ఆకాశం గంత ఉంటదని నాకు అరవై దాటినంక తెలిసింది.

చౌరస్తాల బండి ఆపితె ఎవరో ఒకరు పలకరిస్తరు.

"కాకా, బరాతు ఎవలది?"

"పెండ్లికొడుకును తోలుకపోతున్న."

"ఏడీ?"

"నేనే."

నవ్వుతరు. నేను గూడ నవ్వుత. ఇంటికొచ్చి తాళం తీసినంక మాట్లాడెటోళ్లు లేరు. ఒక్క మనిషికి కూర వండుడు కష్టం. రెండు వంకాయలు తూకమెయ్యుమంటె అంగడిల ఆమె నా మొఖం చూసి ఉత్తగనే ఇచ్చింది ఒకసారి. ఆ తరువాత నేను అర్ధకిలో కొని సగం పారేస్తున్న.

మా చర్చిల రెజీనా టీచర్ అని ఉన్నది. జ్యోతినగర్‌ల ఒక బడిల లెక్కలు చెప్తది. యాభై నాలుగేండ్లు. భర్త పోయి ఏడేండ్లు. పాస్టరమ్మ ముందుగాల ఆమెతోని, తరువాత నాతోని మాట్లాడింది. "ఇద్దరు ఒంటిగనే ఉంటున్నరు. ఒకసారి మాట్లాడుకోండ్రి, తప్పేమున్నది" అన్నది. నేను సరే అనలె, వద్దనలె. ఆ ఆదివారం ప్రార్థన అయినంక రెజీనానే జీపు కాడికొచ్చింది. బానెట్ మీద చెయ్యి పెట్టి, కాలితె తీసింది.

"వచ్చే శనివారం ఒంటిపూట బడి. ఇందుల కమాన్‌పూర్ దాక పోయొద్దమా, బ్రదర్?" అని నాలుక కరుసుకున్నది. "ఇగ బ్రదర్ అనొద్దేమో."

"యేసయ్య అనుండ్రి, టీచరమ్మ."

"మీరు టీచరమ్మ అనుడు బంజెయ్యాలె మరి." పోవుకుంట అన్నది: "పోయొచ్చినంక, మరునాడు చర్చిల ఏదో ఒకటి చెప్త. నానబెట్టుడు నాకు శాతగాదు."

శనివారం పొద్దుగాల జీపు కడిగిన. పక్క సీటు మీద మూడేండ్ల సంది బియ్యం సంచి, గ్యాసు బండ, కూరగాయలు తప్ప ఏదీ కూసోలె. రేగ్జిన్‌ల సంచి దారాలు ఇరుక్కున్నయి. ఒక్కొక్కటి తీసిన. గడ్డం గీసుకున్న. ఒంటిగంటకు బడి గేటు కాడ ఆమె నెత్తికి స్కార్ఫు కట్టుకొని, నల్లద్దాలు పెట్టుకొని నిలబడ్డది. ఎక్కి సంచి కాళ్ల నడుమ పెట్టుకున్నది.

"తలుపేది?" అన్నది.

"లేదు. ముందట రాడున్నది, పట్టుకోండ్రి."

"బెల్టు?"

"రాడే."

ఆమె రాడు పట్టుకున్నది. ఊరు దాటినం. చెట్టు నీడ వచ్చినప్పుడల్ల ముఖం పైకెత్తింది. అదాటున అడిగింది:

"మీరు మాట్లాడేటప్పుడు నా దిక్కు చూడరేంది? చర్చిల గూడ గట్లనే."

నేను చెప్పిన. బాయిల ప్రతొక్కని నెత్తికి లైటుంటది. ఎదుటోని దిక్కు తిరిగి మాట్లాడితె వెలుగు కండ్లల్ల కొట్టి వానికేం కనబడదు. అందుకే పక్కకు చూసుకుంట మాట్లాడ్తం. కొత్తగ వచ్చినోడే మొఖంల మొఖం పెడ్తడు, తిట్లు తింటడు.

"మా బడి పిల్లలు గూడ నా దిక్కు చూడరు," అన్నది రెజీనా. "అయితె వాళ్ల నెత్తిల ఏ లైటు లేదు."

నేను నవ్విన. చానా రోజులకు నిజంగ నవ్విన. గాలి ఆమె స్కార్ఫు కొసను నా జబ్బకు కొడ్తున్నది. నేను బండి ఇంకింత మెల్లగ చేసిన.

ఓపెన్ కాస్టు బాయి పక్కన రోడ్డు మీద ఎర్రజెండా అడ్డం పెట్టిండ్రు. బ్లాస్టింగు టైము. జెండా పట్టుకున్నోడు నర్సింగం, ఒకప్పుడు నాతోని బాయిల చేసిండు, కాలు ఇరిగినంక పైన డ్యూటీ ఇచ్చిండ్రు.

"ఏందే మేస్త్రీ, ఇయ్యాల పక్క సీటు నిండింది?"

"రెజీనా టీచరమ్మ."

"నమస్తే టీచరమ్మ. ఈయన తోలుడు సూస్తిరి గద. కమాన్‌పూర్ చేరేసరికి మీరు గూడ రిటైరయితరు."

"అయితె మంచిదే," అన్నది రెజీనా. "పేపర్లు దిద్దుడు తప్పుతది."

సైరన్ మోగింది. తరువాత కొంచెంసేపు ఏం లేదు. పిట్టలు గూడ ఊకున్నయి. భూమిల దెబ్బ పడ్డది, సీటు కిందికెల్లి నడుముకు తాకింది. మట్టి దిబ్బల అవతల పసుపురంగు దుమ్ము లేసింది.

"భయమైందా?" అన్న.

"లేదు. కింద ఎవరో తలుపు కొట్టినట్టున్నది."

ఆ మాట నాకు నచ్చింది. ముప్పయ్యారేండ్లు ఆ తలుపు అవతల ఉన్నోన్ని నేను. ఈమెకు చెప్తె అర్థమైతది అనుకున్న. ఇంటికి పోయినంక చెప్పేటి సంగతులు మనసుల ఒక్కొక్కటి పక్కకు పెట్టుకున్న.

నర్సింగం జెండా ఎత్తిండు. అక్కడ రోడ్డు దిగుడు. రెండో గేర్ల పోతున్న. ఎదురుంగ బొగ్గు లారీ వచ్చింది, పైన టార్పాలిన్ పట్టా కట్టలె, బొగ్గు అంచు దాటి గుట్ట పోసినట్టున్నది. సరిగ్గ నా పక్కకొచ్చేసరికి దాని చక్రం గుంతల పడ్డది. అద్దం మీద చిటపట చప్పుడైంది. ఆ వెంటనే నా మెడ మీద, కాలరు లోపల పొడి రాలింది.

బాయిల కప్పు కూలే ముందుగాల గిట్లనే ఉంటది. ఫస్టు చిటపట. తరువాత మెడ మీద పొడి. తరువాత బండ. పొడికీ బండకూ నడుమ ఎంత టైముంటదో ఎవనికి తెల్వది.

నేను ఏం అనుకోలె. అనుకునేటంత టైము లేకుండె. మళ్ల చూసేసరికి లారీ దాటిపోయింది, నేను రోడ్డు మీద మోకాళ్ల మీదున్న. పైన ఉత్త ఆకాశం. జీపు నా ముందటికెల్లి దిగుతున్నది, అందుల రెజీనా ఒక్కతే ఉన్నది.

ఆమె కేక ఎయ్యలె. వంగి స్టీరింగు రెండు చేతులతోని తన దిక్కు గుంజింది. జీపు రోడ్డు దిగి మట్టి కట్ట ఎక్కి, రెండుసార్లు ఊగి, ఆగిపోయింది. కట్ట లేని కాడ, ఇంకో ఇరవై గజాల దూరంల, బాయి నీళ్లు తోడిపోసే లోతు కాలువ ఉన్నది.

నర్సింగం జెండాతోనే కుంటుకుంట ఉరికొచ్చిండు.

"ఏమైందే మేస్త్రీ, బ్రేకు పడలేదా?"

అవునంటె అయిపోతుండె. జీపు పాతది, ఎవలన్న నమ్ముతరు.

"బ్రేకు మంచిగనే ఉన్నది. నేనే బండిలకెల్లి దునికిన."

"దునికినవా? ఎందుకు?"

నర్సింగం నా కాలరు మీది పొడి చూసిండు. వేలుతోని ముట్టి చూసిండు. "ఓ" అన్నడు. ఇంకేం అడగలె, నీళ్ల సీసా రెజీనాకిచ్చి జెండా కాడికి పోయిండు.

ఆమె దిగలె. సీట్లనే కూసొని నీళ్లు తాగింది. నల్లద్దాలు ఒక దిక్కు పగిలినయి. ఆమె సంచి పట్టీ గట్టిగ పట్టుకున్నది.

"స్కూటీ తప్ప నేనేదీ తోలలె," అన్నది.

"తప్పయింది, టీచరమ్మ." కప్పు గురించి, పొడి గురించి, అంత చెప్పిన. ఆమె లెక్క తప్పెక్కడున్నదో చూస్తున్నట్టు విన్నది.

"బాయిల గూడ గిట్లనే దునికేటోళ్లా? పక్కనోన్ని ఇడిసిపెట్టి?"

"లేదు. పక్కనోని కాలరు పట్టి గుంజినంకనే ఎవడన్న ఉరుకుతడు. నేను నలుగురిని గుంజిన. నర్సింగాన్ని గూడ. కాలే ఇరిగింది, పానం మిగిలింది."

"మరి నన్ను?"

ఆ ప్రశ్నకు జవాబు నాకు అప్పుడే తెలిసింది. చెప్పకుండ ఉండాల్సింది, అయితె అబద్ధం నోట్లకు రాలె.

"పక్కన మనిషున్నదన్న యాది లేకుండె. మూడేండ్లాయె ఆ సీటు ఖాళీగ ఉండబట్టి."

రెజీనా తల ఊపింది. కోపం ఏం కనబడలె. కోపమన్న ఉంటె బాగుండు.

నేను రివర్సు గేరేసి జీపు కిందికి దించిన. కమాన్‌పూర్ దాక పోలె. తిరిగొచ్చేటప్పుడు ఆమె రెండు చేతులతోని రాడు పట్టుకున్నది, లారీ వచ్చినప్పుడల్ల నా దిక్కు చూసింది. స్కార్ఫు ఇప్పి సంచిల పెట్టుకున్నది. క్వార్టర్ ముందట దిగినంక అన్నది:

"ఆదివారం చెప్త అన్న గద. ఇప్పుడే చెప్త. వద్దు, యేసయ్యగారు."

"సరే."

"మీరు చెడ్డోళ్లని కాదు. నేను ఏడేండ్ల సంది నా ఇంట్ల ఒక్కదాన్నే ఉంటున్న. మీ ఇంట్లకొచ్చి గూడ ఒక్కదాన్నే ఉండాల్నా?"

ఆమె గేటు తీసి లోపలికి పోయింది. గేటు మూసేటప్పుడు చప్పుడు కాకుండ మూసింది. ఇంజను ఆపకుండ అక్కడనే కూసున్న. లోపల నల్లా ఇప్పిన చప్పుడు వినబడ్డది, మొఖం కడుగుతున్నట్టుంది. టాపు లేని బండిల అన్నీ వినబడ్తయి. అప్పుడు గేరేసిన.

మరునాడు చర్చిల ఆమె "వందనాలు బ్రదర్" అన్నది. నేను గూడ వందనాలన్న.

ఇప్పుడు నేను ఖాళీగ తోల్తలేను. షిఫ్టు ఇడిసే టైముకు బస్టాపు కాడ ఆపుత, ఎవరుంటె వాళ్లను ఎక్కించుకుంట. మంచితనమేం గాదు, నా అవసరం. కొందరు దుమ్మని ఎక్కరు. ఎక్కినోళ్లు కిరాయి అడగనందుకు అనుమానంగ చూస్తరు. ఎక్కినోళ్ల పేరు అడుగుత, దిగే దాక మనసుల అదే అనుకుంట తోలుత.

మొన్న కమాన్‌పూర్ నుంచి ఆకుకూరల గంప తీసుకొని ఒక అవ్వ ఎక్కింది. పేరు అడిగితె, "నా పేరెందుకు నీకు, ఓటేయిస్తవా" అన్నది. గంప ఒళ్లె పెట్టుకున్నది. బండి తియ్యకముందే చెప్పిన:

"అవ్వా, పైనుంచి ఏమన్న రాలితె నేను నీ జబ్బ పట్టి గుంజుత. బెదరకు."

అవ్వ పైకి చూసింది. మబ్బు గూడ లేదు. మళ్ల నా దిక్కు చూసింది.

"నా జబ్బ నీకెందుకురా? నువ్వు ముందుగాల ఆ చక్రం మంచిగ పట్టుకో."

పట్టుకున్న. గోదావరిఖని మార్కెట్ల దిగింది. దిగుకుంట ఒక పాలకూర కట్ట పక్క సీట్ల పెట్టింది. "ఇంట్ల ఎంతమంది?" అన్నది.

"ఒక్కన్నే."

కట్టను రెండు చేసి, సగం మళ్ల గంపల ఏసుకున్నది.